చేనికి పోయి వచ్చేదాకా వెలిగే లైటేది?

పులివెందుల: ఈ ప్రాంతపు పల్లెల్లో టార్చిలైటును టార్చి అనేవారు తక్కువ. ‘బ్యాటరీ’ అంటారు. చీనీ తోటకు నీళ్లు కట్టబోయే రైతైనా, వేరుశనగ చేనికి కావలి పోయే మనిషైనా, కోడికూతకు ముందే పశువుల కొట్టంలోకి వెళ్లే ఇల్లాలైనా గడప దాటే ముందు వెతుక్కునేది దాన్నే. ఒకనాడు అది జానెడుకు మించిన రేకు గొట్టం. అందులో రెండో మూడో లావుపాటి సెల్లులు. ఇప్పుడది చొక్కా జేబులో పట్టేంత చిన్నదైంది. పెట్టె మీద రాసింది నమ్మితే వెలుగు వందింతలు పెరిగింది. అయినా సగం దారిలో ఆరిపోయిందన్న ఫిర్యాదు మాత్రం ఆనాటిదే, ఈనాటికీ పోలేదు.

ఇది లైటు లోపమని కొందరు, అంగడివాని మోసమని కొందరు అంటారు. కొన్నిచోట్ల రెండూ నిజమే. కానీ చాలావరకు తిరకాసు ఇంకొకచోట ఉన్నది. ఎంత వెలుగు, ఎంతసేపు అన్నవి రెండు వేర్వేరు సుగుణాలని కొనేవారు అనుకుంటారు. అవి ఒకే గాదెలోని గింజలు. ఒక పూట ఎక్కువ తోడుకుంటే మరునాటికి తక్కువ మిగులుతాయి.

రాత్రి కరెంటు, రాత్రి నడక

పులివెందుల, లింగాల, వేముల, వేంపల్లె, తొండూరు, సింహాద్రిపురం మండలాల్లో సేద్యం చాలాకాలం బోర్ల మీదనే నడిచింది. చీనీ, అరటి తోటలకు నీటి తడి తప్పితే ఏళ్ల కష్టం కళ్లముందే ఎండిపోతుంది. వ్యవసాయానికి త్రీఫేజు కరెంటును విడతలుగా ఇచ్చిన కాలంలో ఒక విడత అర్ధరాత్రి మీద పడేది. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు బోరు కాడికి పోవలసిందే.

2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన పులివెందుల శాసనసభ్యుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం ఉచిత విద్యుత్తు ఫైలు మీద చేశారు. దాంతో బిల్లు భారం పోయింది. రాత్రి నడక పోలేదు. పగటిపూటే 9 గంటలు కరెంటు ఇవ్వాలన్న విధానం 2019 తర్వాత వచ్చింది. అయినా చేనికి చీకటి ప్రయాణం పూర్తిగా తప్పిందని చెప్పడానికి లేదు. డ్రిప్పు వాల్వు తిప్పి రావాలి. అడవిపందులు పడకుండా వేరుశనగను కాచుకోవాలి. ఈనబోయే బర్రె కొట్టంలో ఉంటే రాత్రి రెండు మూడుసార్లు లేచి చూడాలి.

ఈ నడకలో అసలు భయం కాళ్ల దగ్గర ఉంటుంది. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది మరణించి ఉంటారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. అంటే ఏటా 58 వేల మంది. ఈ మరణాలు అధికంగా ఉన్న ఎనిమిది రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. మృతులలో అత్యధికులు పల్లెవాసులు. సగం మరణాలు జూన్, సెప్టెంబరు మధ్య, అంటే సేద్యం ముమ్మరంగా సాగే నెలల్లోనే జరిగాయి. కాబట్టి జేబులోని లైటు ఎంతసేపు నిలుస్తుందన్నది సరదా ప్రశ్న కాదు.

ఎండలో పెట్టిన సెల్లు

పాత సెల్లు నిర్మాణం సులువు. బయట జింకు డబ్బా, నడుమ బొగ్గుకడ్డీ, రెంటి మధ్య కూరిన నల్లమందు. ఒక్కొక్కటి ఒకటిన్నర వోల్టు. దాంతో వెలిగేది సన్నని తీగ బల్బు. అది తీసుకున్న కరెంటులో అత్యధిక భాగం వేడి కిందే పోయేది. రెండు సెల్లుల లైటు ఇచ్చే వెలుగు సుమారు 10 ల్యూమెన్లు, మూడు సెల్లులదైతే 20 దాకా. ల్యూమెన్ అంటే లైటు నుంచి బయటకు వచ్చే మొత్తం వెలుగుకు కొలత. ఇళ్లలో వెనుకటి 60 వాట్ల బల్బు 700 ల్యూమెన్లు ఇచ్చేదని గుర్తుంచుకుంటే ఆ పది ఎంత తక్కువో తెలుస్తుంది. ఆ కొంచెపు వెలుగునే బల్బు వెనుక ఉన్న మెరిసే గిన్నె ఒక కట్టగా కూర్చి చెట్టు కొమ్మ దాకా విసిరేది. ఆనాటి పెద్దలు దాంతోనే జీవితమంతా నీళ్లు కట్టారు.

సెల్లులు నీరసిస్తే తీసి ఎండలో పెట్టడం ప్రతి ఇంటా తెలిసిన వైద్యం. చదువుకున్నవారు దీన్ని చూసి నవ్వేవారు గాని, అందులో పస ఉన్నది. వేడికి లోపలి రసాయన చర్య చురుకవుతుంది. వాడకం ఆపడంతో బొగ్గుకడ్డీ చుట్టూ పేరుకున్న అడ్డు కొంత సర్దుకుంటుంది. ఆ పూటకు మళ్లీ వెలుగు వస్తుంది. కొత్త శక్తి మాత్రం వీసమెత్తు కూడా లోపలికి రాదు. కుండ అడుగున మిగిలింది గీకి తీసుకోవడం వంటిదే ఇది.

టార్చికి పనికిరాని సెల్లులను రేడియోలో వేసుకోవడం మరో అలవాటు. బల్బుకు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. రేడియోకు అందులో కొద్ది భాగం చాలు. పరుగెత్తలేని ముసలి ఎద్దు గానుగకు పనికొచ్చినట్టు, ఆ సెల్లు ఇంకో నెల పాటలు వినిపించేది. ఈ లెక్క ఎవరూ పుస్తకంలో చదివి నేర్వలేదు.

ఈ పాత సెల్లులో ఇంకొక గుణం ఉండేది. అయిపోయే ముందు చెప్పి పోయేది. తెల్లని వెలుగు పసుపుకు, పసుపు ఎరుపుకు తిరిగి, చివరకు నిప్పుకణికలా మిగిలేది. ఆ ఎర్రని వెలుగులోనే మనిషి ఇల్లు చేరుకునేవాడు. కొత్త లైట్లతో వచ్చిన చిక్కు ఇక్కడే ఉన్నది.

వెయ్యి ల్యూమెన్ల లెక్క

తీగ బల్బు స్థానంలోకి ఎల్‌ఈడీ వచ్చింది. దీనికి కీలకమైన నీలి ఎల్‌ఈడీని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. నీలి వెలుగు మీద పసుపు పూత వేస్తే తెల్లని వెలుగు అవుతుంది. ఇక లోపలి లిథియం బ్యాటరీ 1991లో బజారులోకి వచ్చింది. దాని సృష్టికర్తలు ముగ్గురికి 2019లో నోబెల్ ఇచ్చారు. గెనిమ మీద నడిచే రైతు చేతిలోని చిన్న లైటులో రెండు నోబెల్ బహుమతులు ఉన్నాయన్నమాట.

ఈ చిన్న లైట్లలో ఎక్కువగా ఉండేది 18650 అనే రకం సెల్లు. ఆ అంకె వెనుక రహస్యమేమీ లేదు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు. దాని వోల్టేజి 3.6. మంచి సెల్లు 2500 ఎంఏహెచ్ పట్టుతుందనుకుంటే, రెంటినీ గుణిస్తే 9 వాట్ల గంటల శక్తి వస్తుంది. అంటే ఒక వాటు చొప్పున వాడితే 9 గంటలు, 9 వాట్లు ఒకేసారి వాడితే ఒక గంట. గాదె అంటే ఇదే.

మంచి ఎల్‌ఈడీ ఒక వాటుకు ఇంచుమించు 100 ల్యూమెన్లు ఇస్తుంది. కాబట్టి ఆ సెల్లుతో 100 ల్యూమెన్ల వెలుగు 9 గంటలు వస్తుంది. 50 ల్యూమెన్లు చాలనుకుంటే 18 గంటలు. 900 ల్యూమెన్లు కావాలంటే గంట. నిజానికి గంట కూడా రాదు. ఎక్కువ వెలుగు మీద ఎల్‌ఈడీ వేడెక్కి శక్తిని వృథా చేస్తుంది కనుక ముప్పావు గంటతో సరిపెట్టుకోవాలి.

ఇప్పుడు ‘1000 ల్యూమెన్లు, 10 గంటలు’ అని రాసిన పెట్టెను చూడండి. ఆ రెండూ ఒకేసారి నిజం కావాలంటే పదకొండుకు పైగా సెల్లులు ఉండాలి. అన్ని సెల్లులు జేబులో పట్టవు. రాసినవాడు పూర్తిగా అబద్ధం చెప్పకపోవచ్చు. వెయ్యి ల్యూమెన్లు మొదటి నిమిషం మాట, పది గంటలు అన్నిటికంటే తక్కువ వెలుగు మాట. రెంటినీ పక్కపక్కన రాశాడు. అంతే.

పేరున్న కంపెనీలు పాటించే ఒక అమెరికా ప్రమాణం 2009లో వచ్చింది. దాని ప్రకారం లైటు వేసిన 30 సెకన్ల తర్వాతి వెలుగును లెక్కలోకి తీసుకుంటారు. ఆ వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా పట్టిన సమయమే ‘వెలిగే కాలం’. అంటే ఈ నిజాయితీ గల లెక్కలో కూడా చివరి గంటల్లో మిగిలేది తొలి వెలుగులో పదో వంతే కావచ్చు. పైగా చేతిలో పట్టేంత చిన్న లైటుకు వేడిని వదిలించుకునే చోటు తక్కువ. అందుకే చాలా లైట్లు ఒకటి రెండు నిమిషాలకే తమంతట తామే వెలుగు తగ్గించుకుంటాయి. లైటు చెడిపోయిందని దుకాణానికి తిరిగి తెచ్చేవారిలో కొందరిది ఈ సందేహమే. అది చెడిపోవడం కాదు, కాలిపోకుండా కాచుకోవడం.

సెల్లు మీద అంకెల సంగతి వేరు. 18650 సైజులో ఈనాటికి మంచి సెల్లు పట్టేది సుమారు 3500 ఎంఏహెచ్. ‘9900’ అని అచ్చువేసిన సెల్లు కనిపిస్తే చర్చ అనవసరం. అంత శక్తి ఆ డబ్బాలో పట్టదు. అసలు సెల్లు 45 గ్రాముల దగ్గర తూగుతుంది. చేతిలోకి తీసుకుంటే మరీ తేలికగా తోచే సెల్లును అనుమానించవలసిందే. 21700 అనే కాస్త లావు రకం 5000 దాకా పడుతుంది. కావలి పనికి అది మేలు.

చెప్పకుండా వచ్చే చీకటి

లిథియం సెల్లును పూర్తిగా పిండితే పాడవుతుంది. అందువల్ల లోపల ఒక కాపలా ఏర్పాటు ఉంటుంది. సెల్లు ఒక హద్దుకు దిగగానే అది కరెంటు తెంచివేస్తుంది. చివరి దాకా ఒకే తీరుగా వెలిగిన లైటు ఒక్కసారిగా ఆరిపోయేది అందుకే. పాత సెల్లులా ఎర్రబడి హెచ్చరించదు. కొన్ని లైట్లకు చార్జి తగ్గినప్పుడు ఎర్రగా వెలిగే చుక్క ఉంటుంది. కొనేటప్పుడు చాలామంది ఆ చుక్క కోసం చూడరు. నడిచేవారికి ఆ చుక్క వెయ్యి ల్యూమెన్ల కంటే విలువైనది.

ఆరిన లైటును వెంటనే పదేపదే నొక్కడం దండగ. రెండు మూడు నిమిషాలు ఆగి, అన్నిటికంటే తక్కువ వెలుగు మీద వేస్తే కొన్ని లైట్లు ఇంకాస్త సేపు దారి చూపుతాయి.

లైటు ఎందుకు, సెల్‌ఫోన్ ఉన్నది కదా అనేవారూ ఉన్నారు. ఫోను వెలుగు దగ్గరకు పరుచుకుంటుంది గాని దూరం పోదు. అంతకంటే ముఖ్యం, దారిలో ఆపద వస్తే 108కి కబురు చెప్పవలసింది ఆ ఫోనే. దాన్ని దీపంగా వాడి చార్జి ఖాళీ చేసుకుంటే రెండు విధాలా నష్టం.

వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉన్నది. భూగర్భ గనిలో పనిచేసేవారికి టోపీకి తగిలించే దీపమే కన్ను. అక్కడ దీపాన్ని ఎంచే పద్ధతి వేరు. ఎంత మిరుమిట్లు గొలిపిందన్నది కాదు లెక్క. దిగినప్పటి నుంచి పైకి వచ్చేదాకా షిఫ్టు మొత్తం నిలిచిందా అన్నదే. రాత్రి నీళ్లు కట్టే మనిషి షిఫ్టు కూడా దాదాపు అంతే ఉంటుంది.

పామును చూపే వెలుగు వేరు

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. దేశంలో పాముకాటు మరణాల్లో ఎక్కువ భాగం ఈ నాలుగింటి వల్లనే. వీటిలో కట్లపాము తిరిగేది రాత్రిపూటే. చిన్నపింజర మట్టి రంగులో, మూరెడుకు కాస్త అటూ ఇటుగా ఉండి, రాళ్ల మధ్య ఇట్టే కలిసిపోతుంది. నక్క కళ్లు లైటు వెలుగుకు మెరుస్తాయి. పాము కళ్లు అలా మెరవవు. కాబట్టి మెరుపు చూసి జాగ్రత్తపడదామంటే కుదరదు.

నడిచేటప్పుడు చూడవలసింది ముందున్న నాలుగైదు అడుగుల నేల. దానికి 50 నుంచి 100 ల్యూమెన్ల వెడల్పాటి వెలుగు చాలు. దూరం కొట్టే సన్నని కట్ట వెలుగు నేల మీద ఒక మెరిసే చుక్క వేసి, చుట్టూ ఉన్నదాన్ని ఇంకా చీకటి చేస్తుంది. కళ్లు ఆ చుక్కకు అలవాటుపడి పక్కనున్నది చూడలేవు. మరీ తెల్లగా, నీలం కలిసిన వెలుగులో మట్టి రంగులన్నీ ఒకటిగా తోస్తాయి. కొంచెం పసుపు కలిసిన వెలుగులో మట్టికీ పాము వంటి మీది మచ్చలకూ తేడా మెరుగ్గా తెలుస్తుంది. దుకాణంలో తెల్లనిదే ఎక్కువ వెలుగులా కనిపించి అందరూ దాన్నే కొంటారు.

లైటును నడుము ఎత్తున పట్టుకుంటే రాయి, పుల్ల, పాము అన్నిటికీ నీడ పడి వేరుగా కనిపిస్తాయి. తలకు కట్టుకునే లైటు రెండు చేతులకూ వెసులుబాటు ఇస్తుంది, వాల్వు తిప్పడానికి బాగుంటుంది. కానీ వెలుగు కంటి పక్క నుంచే పోతుంది కనుక నీడలు కనిపించవు. నడకకు చేతి లైటు, పనికి తల లైటు. చెప్పులు, చేతికర్ర ఎలాగూ ఉండాలి. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, మంత్రాల కోసం తిరగడం వద్దు. కాలు కదపకుండా ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు మందు ఉండేది అక్కడే.

పెద్ద వెలుగు అవసరమయ్యేది అడవిపందులను దూరం నుంచి పసిగట్టడానికి. ఇక్కడా ఒక లెక్క ఉన్నది. కట్ట వెలుగు రెండింతల దూరం పోవాలంటే దాని తీవ్రత నాలుగింతలు కావాలి. పెట్టె మీద 200 మీటర్లు అని ఉంటే, ఆ కొసన పడే వెలుగు పున్నమి వెన్నెల పాటిది. పంది నిలబడిందో పొద నిలబడిందో పోల్చుకోవాలంటే సగం దూరమే నమ్మాలి. ఆ పెద్ద వెలుగును ఒక్కసారి వేసి, చూసి, తగ్గించేస్తే సెల్లు తెల్లవార్లూ వస్తుంది.

ఒకే గూట్లో రెండు రకాలు

ఇళ్లలో చార్జి పెట్టే లైట్లు రెండు రకాలు. కాస్త పెద్దగా, బరువుగా, నాలుగు వోల్టుల సీసం బ్యాటరీతో వచ్చేవి పాతవి. లిథియంవి కొత్తవి. రెండూ ఒకే గూట్లో ఉంటాయి, ఒకే తీరున వాడతారు. రెండూ త్వరగా చచ్చిపోవడానికి అదే కారణం.

సీసం బ్యాటరీని ఖాళీగా ఉంచకూడదు. వాడిన రాత్రి తెల్లారగానే నిండా చార్జి పెట్టాలి. నెలల తరబడి ఖాళీగా పడేస్తే లోపలి పలకల మీద తెల్లని గట్టిపొర కట్టి మళ్లీ చార్జి ఎక్కదు. లిథియంకు నిండా పెట్టి అటక మీద పెట్టేయడమే చెరుపు. చాలారోజులు వాడనప్పుడు దాన్ని సగం చార్జితో ఉంచడం మంచిది. నిండగానే ప్లగ్గు తీయాలి. రాత్రంతా ఉంచాలన్న నియమం సీసం లైటు నుంచి వచ్చిన అలవాటు, దీనికి పట్టదు.

వేడి లిథియంకు పరమ శత్రువు. వేసవిలో 44, 45 డిగ్రీలకు ఎక్కే ఈ సీమలో మోటారు రేకుల షెడ్డులో, బండి డిక్కీలో లైటును వదిలేయడమంటే దాని ఆయుష్షు కోయడమే. తాతల నాటి ఎండ వైద్యం దీనికి అసలు చేయరాదు. సెల్లు ఉబ్బినా, కమిలిన వాసన వచ్చినా వాడటం ఆపాలి. పరుపు మీద పెట్టి చార్జి చేయవద్దు. పిన్నులు నేరుగా గోడ ప్లగ్గులో గుచ్చే చవక లైట్లలో లోపలి భాగాలకు ఇంటి కరెంటు తగులుతూ ఉంటుంది. చార్జిలో ఉండగా వాటిని విప్పడం, వాడటం ప్రమాదం.

పాత రెండు సెల్లుల లైటు ఇంకా ఉంటే పారేయనక్కర లేదు. ఎల్‌ఈడీ బల్బు వేసుకుంటే అవే సెల్లులు ఎన్నో రెట్లు ఎక్కువసేపు వస్తాయి. వాడనప్పుడు సెల్లులు బయటకు తీసిపెట్టాలి. జింకు డబ్బా తినేసుకుని కారిన రసం స్ప్రింగును కూడా తినేస్తుంది.

కొన్న రాత్రే పరీక్ష

దుకాణంలో గోడ మీద వేసి చూస్తే ఏ లైటైనా గొప్పగానే కనిపిస్తుంది. అదీగాక కంటికి వెలుగు రెండింతలుగా తోచాలంటే నిజంగా నాలుగింతలకు పైగా పెరగాలి. 500, 600 ల్యూమెన్ల మధ్య తేడా ఎవరి కంటికీ అందదు. ఆ తేడాకు వంద రూపాయలు ఎక్కువ పెట్టడం కంటే మూడు నాలుగు మెట్ల వెలుగు ఉన్నదా, సెల్లు విడిగా మార్చుకోవచ్చా అని అడగడం నయం.

అసలు పరీక్ష ఇంట్లోనే ఉన్నది. నిండా చార్జి పెట్టి, సాయంత్రం నడకకు వాడే మెట్టు మీద వెలిగించి వరండాలో ఉంచాలి. పక్కన గడియారం. ఎప్పుడు తగ్గింది, ఎప్పుడు ఆరింది చూసి ఆ గంటలను ఒక చీటీ మీద రాసి లైటుకే అతికించుకోవచ్చు. చేనికి పోయి రావడానికి పట్టే సమయం ఎవరిది వారికి తెలుసు. చీటీ మీది అంకె దానికి రెండింతలు ఉంటే నిశ్చింతగా బయలుదేరవచ్చు. ఏడాది తర్వాత మళ్లీ అదే పరీక్ష పెడితే సెల్లు ఎంత అరిగిందీ బయటపడుతుంది. అంకె సగానికి దిగితే కొత్త సెల్లు కొనాలి, లైటు కాదు.